రాధామనోహరంలో పిట్టగూడు

అక్కా, మేమంతా కులాసా. బుజ్జిదాని గురించి ఇక బెంగపెట్టుకోకు. ఇల్లు మారినప్పటి నుంచి పెదవి విప్పని పిల్ల నిన్న మాట్లాడింది! మెట్ల పక్కన రాధామనోహరం తీగ విరగబూసింది, ఇల్లంతా ఘుమఘుమ. తేనెటీగలు ముసురుతున్నాయని ఇంటి ఓనరుగారు తీగ కొట్టేయడానికి కత్తెర పట్టుకొచ్చారు. అందులో తేనెపిట్ట గూడుందని బుజ్జిదానికే తెలుసు. పరుగెత్తుకెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని, "తాతా, కొయ్యకు! లోపల పిల్లలున్నాయి!" అని అరిచింది. ఆయన కత్తెర పడేసి దాన్ని ఎత్తుకుని, "నువ్వు చెప్పాక కోస్తానా తల్లీ!" అన్నారు. నేను మెట్ల మీదే కూలబడి ఏడ్చేశాను.

దాని గౌన్లు పొట్టివయ్యాయి, మీ పెద్దదానివి ఉంటే పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు. ఆదివారం పొద్దున మీ పక్కింటికి ఫోను చేస్తాం, అక్కడే ఉండు. పెద్దమ్మతో మాట్లాడతానని ఒకటే గోల.

నీ చెల్లి