ఆపేముందు ఒక్క నిమిషం

నాయినా,

నీ కారు కొనేందుకు ఆదివారం మనిషి వస్తున్నాడు. ఈలోగా నిన్ను ఒక మాట అడగమంది అమ్మ, అందుకే ఇవాళే రాస్తున్నాను.

నువ్వు పోయిన ఏడాదికి కారు నల్లపొగ కక్కుతూ బ్రిడ్జి ఎక్కనని మొరాయించింది. కార్ఖానాలో మెకానిక్ మల్లేశ్ మామ చూసి, "టర్బో ఖతం బేటా, అమ్ముడే నయం" అన్నాడు. అమ్మ ఒప్పుకుంది.

నాకు నమ్మకం కుదరలేదు. నువ్వు చదవలేక బీరువాలో భద్రంగా పెట్టిన కారు పుస్తకం మొత్తం చదివాను. పదమూడు వందల సీసీ డీజిల్ ఇంజన్. పరుగు ఆగిన వెంటనే ఇంజన్ ఆపేస్తే, దానిలోకి గాలిని తోసే టర్బోలో వేడికి ఆయిల్ మాడుతుందట. నువ్వేమో ఇల్లు చేరాక కూడా నిమిషంపాటు ఇంజన్ ఆపకుండా కూర్చునేవాడివి. బోయిగూడ గల్లీ అంతా నవ్వేది.

"మా నాయిన నడిపిన బండి మామా, టర్బో పోదు. జెర ఈజీఆర్ వాల్వు ఇప్పి చూడు" అన్నాను.

పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు అది. విప్పితే నిండా మసి. కడిగి బిగించాక కారు బ్రిడ్జిని అవలీలగా ఎక్కింది.

"మీ నాయిన సుత గిట్లనే నాతోని కొట్లాడెటోడు" అన్నాడు మామ, చేతులు తుడుచుకుంటూ.

నిన్న అమ్మను కారులో తిప్పుకొచ్చాను. ఇంటి ముందు ఇంజన్ ఆపడానికి తాళం తిప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉండవే, నిమిషం కానీ."

కూర్చున్నాం. ఆ నిమిషం అయ్యాక, "ఉంచుకుందామా? ఆయన బండి గదా, ఒక మాట అడుగు" అంది.

శనివారంలోగా జవాబు రాయి నాయినా. రాకపోతే ఉంచుకోమన్నట్టే.

నీ బిడ్డ