చీకట్లో మొలిచిన తుంగ

శ్రీవారికి నమస్కారాలు.

నేనిక్కడ కులాసా. అక్కడ మీరూ, మన పిచ్చుకా, అత్తయ్యగారూ, అత్తయ్యగారి మోకాలూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. మీ ఉత్తరానికి జవాబు రెండు వారాలు ఆలస్యమైంది. కారణం చెబుతాను, కాస్త ధైర్యం కూడగట్టుకోనివ్వండి.

పిచ్చుక బడి గౌను మెడ దగ్గర రెండుసార్లు విప్పి కుట్టారని చదివి నవ్వుకున్నాను. ఊరందరి కొలతలూ తీసే దర్జీకి సొంత కూతురే కదలకుండా నిలబడదన్నమాట.

“నీళ్ళు నిలబెడితే కలుపు రాదంటావు, మరి నీళ్ళు తియ్యగానే అంత గడ్డి ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?” అని అడిగారు. ఎక్కడినుంచీ రాదండీ, అక్కడే ఉంటుంది. చాలా గింజలు చావవు, ఆగుతాయి. వరిమడిలో నాలుగు వేళ్ళ లోతు నీరుంటే అడుగు మట్టికి గాలి చాలదు, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ తేడా అంతగా తెలియదు. నీరు తీస్తే ఆ రెండూ తగులుతాయి. తుంగకు వెలుతురు కూడా కావాలి. దాని గింజ ఇసుక రేణువంత, అందులో దాచుకున్న తిండి అతి స్వల్పం. లోతున మొలిస్తే పైకి చేరేలోపే ప్రాణం పోతుంది. అందుకే వెలుతురు తగిలేదాకా కన్ను తెరవదు. దున్నేటప్పుడు తగిలే కొద్ది క్షణాల వెలుతురైనా చాలు.

అది తేల్చడానికే ఇక్కడి వరి పరిశోధన కేంద్రంలో ఇరవైనాలుగు గాజుపళ్ళేలలో తడి కాగితంపై గింజలు పరిచాను. పన్నెండు వెలుతురులో, పన్నెండు అల్యూమినియం రేకు చుట్టి చీకటి గదిలో. పొలం పనులకు వచ్చే పెద్దమ్మకు ఇదంతా వేళాకోళం.

“జీతమిచ్చి మాచేత గడ్డి పీకిస్తారు, జీతమిచ్చి నీచేత మొలిపిస్తారు. పిచ్చి ఎవరికో నువ్వే చెప్పు తల్లీ!”

“మనిద్దరం ఉంటేనే పెద్దమ్మా, ఈ ఆఫీసు నడిచేది” అన్నాను.

సాయంత్రం గది తలుపు తీయగానే చెవులు కుట్టుమిషను చప్పుడు కోసం వెతుకుతాయి. ఎనిమిది నెలలైనా వాటికి అలవాటు కాలేదు. పొరపాటున నా సంచిలో వచ్చిన మీ టేపును కిటికీ పక్క మేకుకు తగిలించాను. అంకెలు ఎక్కడెక్కడ అరిగాయో చూస్తే మీ బొటనవేలు ఎక్కడ ఆగేదో తెలుస్తుంది. అక్కడ నా వేలు పెట్టి చూసుకుంటాను.

ఇక చెప్పాల్సింది చెబుతాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు చీకటి పళ్ళేల రేకు విప్పి నీటిచుక్కలు వేయాలి. ఆ గదిలో సన్నని ఆకుపచ్చ దీపమొక్కటే వెలిగిస్తాం, దాన్ని ఆ గింజలు దాదాపు లెక్కచేయవు. పని ముగిసేదాకా ఆగలేక ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని వెళ్ళాను. పళ్ళేలన్నీ విప్పి పరిచాక తీసి చదివాను. మీ నల్ల సిరా కనబడింది. అడుగున పిచ్చుకే రాసిందన్నారు, అక్కడ మాత్రం ఉత్త ఖాళీ కాగితం. దాని రాత ఆకుపచ్చ పెన్సిలుతో. ఆ దీపం కింద అక్షరాలు కాగితంలో కలిసిపోయాయి. బయటికి వెళ్ళి చదవాలని నాకు తెలుసు. చేయి జేబులోని టార్చి మీదికి పోయింది. “అమ్మా బడి మొదటిరోజు నువ్వే రావాలి.” మూడుసార్లు చదివాను.

గింజలు పరిచిన పధ్నాలుగో రోజున రేకులు విప్పితే చీకటి పళ్ళేలలో సగానికి పైగా మొలకలు. మా డైరెక్టరుగారు సంబరపడ్డారు.

“చీకట్లోనూ మొలుస్తోందమ్మా! ఎవరమూ అనుకోలేదు. రాసెయ్, రాసేసి హాయిగా ఇంటికెళ్ళు” అన్నారు.

రాసేస్తే పదో తేదీన బడి మొదటిరోజుకు అందేలా రైలు ఎక్కేదాన్ని. రెండు రోజులు నోరు మెదపలేదు. టార్చి వెలిగించినందుకు కాదు, ఆ రెండు రోజులకే నాకు సిగ్గుగా ఉంది. నేను రాసింది నమ్మిన రైతు, గింజను లోతున పూడ్చినా లాభం లేదనుకుని కలుపుమందు డబ్బా అందుకుంటాడు. నిన్న ఉదయం వెళ్ళి, వాటిని మొలిపించింది నా టార్చి వెలుతురేనని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మొలకల లెక్క రాసిన కాగితం పక్కన పెట్టారు.

“అయితే మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలిగా?”

“పొద్దున్నే గింజలు నానబెట్టి వచ్చానండీ.”

కనుక పదో తేదీకి నేను రావడం లేదు. బడికి దాన్ని మీరే తీసుకువెళ్ళండి. అడిగితే, అమ్మ పనిలో తప్పు చేసింది, దిద్దుకుంటోంది అని చెప్పండి. అలిగితే అలగనివ్వండి. దాని రాత సంగతి మాత్రం ఎప్పటికీ చెప్పకండి. తాను రాయబట్టే అమ్మ రాలేదని ఆ చిన్నిబుర్రలో పడితే మళ్ళీ పెన్సిలు పట్టదు.

బడినుంచి వచ్చాక ఆ రోజు ఏమేం జరిగిందో దానిచేతనే రాయించండి. నేను ఎండలో నిలబడి చదువుకుంటాను.

ఇట్లు,
మీ ఇంటావిడ,
పిచ్చుక వాళ్ళమ్మ