సారు సైకిలు రిమ్ములు

తార్నాక,
12 ఆగస్టు 1968.

పద్మావతమ్మగారికి దండాలు.

మీ ఇంటాయన శేషాద్రి సారు కాలం చేసినంక ఆయన ముప్పై ఏండ్ల విలాయతి సైకిలు నాకు అప్పజెప్పి మీరు అనంతపురం పోయిన్రు. నేల మీద నిలబెడితే బరువుకు టైర్లు ఒక్కదిక్కే అణిగి పగుల్తయని, యూనివర్సిటీ క్యాంపసుల సైకిళ్ల షెడ్డు దూలానికి వేలాడదీసి తాళమేసిన. తాళంచెవి నా మొలతాడుకే ఉంటది. అయినా రోజూ పొద్దుగాల చూస్తే టైర్లకు పచ్చి బురద.

"ఏందిరా, సారు సైకిలు మీద సీతాఫల్‌మండి షికారు చేస్తున్నవా? ఒప్పుకో, లేకుంటే నౌకరి పోతది" అని సూపరింటెండెంటు అందరి ముందల అన్నడు. చెయ్యని తప్పు నేనెందుకు ఒప్పుకుంట? ఎట్ల తొక్కుతరో చూస్తనని, మొన్న కోపంల టైర్లు, ట్యూబులు ఊడదీసి ఇంటికి తెచ్చుకున్న.

తెల్లారి పోయి చూస్తే తాళం వేసినట్టే ఉన్నది, సైకిలు దూలానికే ఉన్నది. రిమ్ములు మాత్రం రాళ్ల మీద తొక్కినట్టు సొట్టలు పడ్డయి. రిమ్ములు సాపు చేసి, టైర్లు మళ్ల ఎక్కించి, గాలి గూడ కొట్టిన.

ఈ నెలాఖరుకు నన్ను తీసేస్తరట. మీరొక్కసారి రావాలె. సూపరింటెండెంటుకు ఏం చెప్పొద్దు, ఆయనతోని నేనే కొట్లాడుకుంట. సారుకు చెప్పున్రి, ఇగ చాలని. నా మాట ఇంటలేరు.

ఇట్లు,
సైకిళ్ల షెడ్డు నౌకరు