వాడు ఆ వారం నిప్పు ముట్టలేదు

అమ్మకు,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈసారి ఈ మాట అలవాటుకొద్దీ రాయడం లేదు, పోట్లాడి గెలుచుకుని రాస్తున్నాను. తమ్ముడు నా ఎదురుగానే కూర్చుని కాళ్లూపుతున్నాడు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు. మధ్యలో ఏడుపు మొదలెట్టావంటే నాకు ఒళ్లు మండుతుంది.

పోయిన ఉత్తరంలో వాడి చేతిరాత ఎందుకు లేదని అడిగావు. అప్పుడు వాడు ఆసుపత్రిలో ఉన్నాడు కనుక.

మా వెల్డింగ్ షాపులో ఒక పాడు అలవాటుంది. మంట వెలుగు కంటికి కొడితే కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది, వెలుతురు చూడలేం. జింకు పూత పైపుల పొగ పీలిస్తే జ్వరం, వాంతులు. రోజంతా తల విదిలించి హెల్మెట్ దించుకుంటుంటే మెడ పట్టేస్తుంది. అందుకని ఎవడు పడిపోయినా కళ్లమీద బంగాళాదుంప ముక్కలు పెట్టి, తలుపేసి, చీకట్లో పడుకోబెడతారు. మర్నాటికి లేస్తాడు. అందరూ లేచారు కాబట్టి తమ్ముడూ లేస్తాడనుకున్నారు.

ఆ రోజు పొద్దున వాడికి ఒళ్లు వెచ్చబడితే మేస్త్రీయే షాపు వెనక గదిలో పడుకోబెట్టాడట. నేను బయట పని ముగించుకుని మధ్యాహ్నం వచ్చి తలుపు తీశాను.

"తలుపు మూసెయ్ అక్కా, తల పగిలిపోతోంది," అన్నాడు. కాసేపటికే నన్ను చూసి, "అమ్మా, బస్సు వచ్చిందా?" అన్నాడు. నీళ్లు తాగిద్దామని తల ఎత్తబోతే మెడ వంగలేదు. చెక్క ఎత్తినట్టు భుజాలతో సహా లేచింది.

మేస్త్రీ వెనకనుంచి, "పడుకోనివ్వవే మిరపకాయా! కంటికి వెలుగు కొట్టిందంతే," అన్నాడు. నా నోటికి భయపడి షాపులో పెట్టిన పేరులే అది.

"ఏ వెలుగు? వారం మొదటినుంచీ వాడు గేట్లకు రంగేస్తున్నాడు. నిప్పు ముట్టనివాడికి వెలుగెక్కడ కొట్టింది?"

"అయితే రంగు వాసన పట్టిందేమో."

"రంగు వాసనకి మెడ బిగుస్తుందా? మనిషిని గుర్తుపట్టకుండా పోతాడా? వ్యాన్ తియ్యి!"

వ్యాన్‌లో కస్టమర్ గేటు ఉంది. దాన్ని రోడ్డుమీదికి నేనే తోసేశాను. ఆ చప్పుడుకి మేస్త్రీ పరుగున వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గరివాడు వరుసలో కూర్చోమన్నాడు. అప్పుడు, అమ్మా, నా నోట్లోంచి నువ్వు మాట్లాడావు. ప్రతి ఉత్తరంలో నువ్వు పెట్టే నసే. "వాడికి చిన్నప్పుడు ప్లీహం తీసేశారు! జ్వరమొస్తే చూస్తూ కూర్చోకూడదు!" అని హాలంతా దద్దరిల్లేలా అరిచాను. లోపలినుంచి నర్సు పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ వాడి చొక్కా ఎత్తి పొట్టమీది పాత ఆపరేషన్ గాటు చూసింది. కాలిమీద ఎర్ర మచ్చలుంటే గాజు గ్లాసు పెట్టి నొక్కింది. అవి మాయం కాలేదు, అది ప్రమాదపు గుర్తట. ఇక ఎవరూ వరుస మాట ఎత్తలేదు. నడుం దగ్గర వెన్నులో సూది గుచ్చి నీరు తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆగకుండానే మందు ఎక్కించారు.

మెనింజైటిస్ అట. మెదడు చుట్టూ ఉండే పొరలు వాస్తాయి. ఆలస్యమైతే గంటల్లో మనిషి పోవచ్చట. రోగాల్ని అడ్డుకునే ప్లీహం లేనివాళ్లకీ, ఒంట్లో రోగాన్ని ఎదిరించే బలం తగ్గినవాళ్లకీ, ఇరుకు గదుల్లో కలిసి ఉండే మా ఈడువాళ్లకీ, పసివాళ్లకీ ముప్పు ఎక్కువని డాక్టరమ్మ చెప్పింది. మచ్చలు వచ్చేదాకా, గుర్తులన్నీ కనపడేదాకా ఆగకూడదట. నువ్వు చంకనేసుకు తిరిగే పక్కింటి చంటిది ఉంది కదా, పసివాళ్లకి మెడ బిగుసుకోకపోవచ్చు. పాలు మానేసినా, వాలిపోయినా, కీచుగా ఏడ్చినా, మాడు ఉబ్బినా సందేహించకుండా పరుగెత్తు. టీకాలు వేయించమని వాళ్లమ్మకి చెప్పు. వినకపోతే నా పేరు చెప్పి తిట్టు.

నాకేమైనా సోకిందా అని అడుగుతావు. వాడితో ఒకే గదిలో ఉంటానని నాకూ మాత్ర ఇచ్చారు. మింగాను. తమ్ముడికి వెయ్యాల్సిన టీకాలు కూడా వేశారు.

ఇక ఇంతదాకా దాచిన మాట. ఈ జబ్బువల్ల వాడికి ఎడమ చెవి వినపడదు. వినికిడి తిరిగి రాకపోవచ్చన్నారు. ఇది రాయలేక మొన్న రెండు కాగితాలు చింపాను. వాడే, "రాసెయ్ అక్కా. నీ తిట్లకి ఆ చెవి కేటాయించానని కూడా రాయి," అన్నాడు. నవ్వానో ఏడ్చానో తెలీదు, గట్టిగా ఒక్కటిచ్చాను.

ఈ రోజు వాడు మళ్లీ షాపుకొచ్చాడు. హెల్మెట్ దించి ఒక గేటు మూల అతికాడు. మేస్త్రీ వంగి చూసి, "నీకన్నా బాగా అతికాడే," అన్నాడు నాతో. నాకు కోపం రాలేదు, ఆశ్చర్యపో. తర్వాత ఒక కుర్రాడు తలనొప్పని వస్తే, మేస్త్రీ బంగాళాదుంప వైపు చూడకుండా, "గడ్డం ఛాతీకి ఆనించు. నిన్న ఏం పని చేశావు? జ్వరముందా?" అని నిలదీశాడు. వెనక గది తలుపు ఊడబీకి గేట్లకు రంగేసే బల్లకి చెక్కగా వాడేశాం.

నస ఆపకు అమ్మా. వాడికి ఇంకో చెవి ఉంది.

ఇట్లు,
నోటి దురుసు నీ దగ్గరే నేర్చుకున్న
నీ పెద్ద కూతురు