రెండు తుమ్మెదల సాక్ష్యం

ఖానాపురం హవేలి, ఖమ్మం
12-11-2007

నా బంగారు జెస్సికమ్మకు, నీ నెత్తిన చేయి పెట్టి దీవిస్తూ నాన్న రాస్తున్న ఉత్తరం.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు తల్లీ. ఈ మాట చెబుదామని ఫోన్ చేసి, రెండుసార్లు వేరే ఏదో మాట్లాడి పెట్టేశాను. అందుకే మీ అమ్మ ప్రార్థన కూటానికి వెళ్లిన వేళ చూసుకుని రాయడానికి కూర్చున్నాను.

నువ్వు విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఇచ్చి వెళ్లిన కెమెరా ఉంది చూడు, అది నన్ను పిచ్చివాణ్ని చేసింది. మొదట మీ అమ్మను తీశాను. పొయ్యి దగ్గర, కుళాయి దగ్గర, తల దువ్వుకునేటప్పుడు. "ఏందయ్యా ఈ లొల్లి? పోయి పిట్టల్ని తీస్కోపో!" అని కసిరింది. నిజంగానే పోయాను! ఇరవై ఏడేళ్లు భద్రాచలం రూటులో బస్సు నడిపాను గదా, పాల్వంచ దాటాక అడవిలో ఎవరైనా చెయ్యెత్తితే ఆపే మలుపొకటి ఉండేది, అక్కడ దిగుతున్నాను. రోడ్డు పక్కనే చిత్తడి నేల, దాని నడుమ మడుగు. అబ్బ, ఏం చెప్పను! అన్నేళ్లు ఆ దారిలో నేను చూసింది గుంతలు, ఎదురొచ్చే లారీలు. ఇప్పుడు చూస్తే ఆకు మీద గోరంత కప్ప, అది అరిస్తే గొంతు దానంత బుడగయింది. ఒక ఎర్ర తూనీగ వచ్చి నా బూటు మీదే వాలింది. మందిరంలో నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టి నిలబడిపోయాను.

మడుగు ఒడ్డున సీతయ్య అనే కోయ పెద్దాయన, ఆయన భార్య ముత్తక్క చేను చేసుకుంటారు. మొన్న నేను చెట్ల లోపల ఉండగా కండక్టర్ విజిల్ వినబడింది. నా కాలు తనంతట తానే లేని క్లచ్‌ను తొక్కింది! బస్సు వచ్చిందని రోడ్డు మీదికి పరుగెత్తాను. బస్సు లేదు. లోపలికి వచ్చాను. మళ్లీ విజిల్, మళ్లీ పరుగు. మూడోసారికి సీతయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

"అది బస్సు గాదు డ్రైవర్ సారూ, పిట్ట! ఈడ ఆగే బస్సుల విజిల్ ఇని ఇని నేర్చుకున్నది."

"పిట్టేంది, విజిలేందయ్యా?"

"అవ్ సారూ, నల్లగుంటది," అంది ముత్తక్క. "ఎగిరితే దానెనక రెండు తుమ్మెదలు పోతున్నట్టుంటది. తుమ్మెదలు గావు, దాని తోకనే. సన్నటి ఈనెలు, కొసకు నల్ల బిళ్లలు. ఈనెలు కండ్లకు ఆనవ్."

జెస్సికమ్మా, నేను ఆ చేను గట్టు మీదే కూలబడ్డాను.

నీకప్పుడు ఎనిమిదేళ్లు. సెలవుల్లో నా బస్సులో ఇంజను బానెట్ మీద కూర్చున్నావు. సరిగ్గా ఆ మలుపులోనే "నాన్నా! నల్లపిట్టను రెండు తుమ్మెదలు తరుముతున్నయ్!" అని అరిచావు. కండక్టర్ వెంకటప్పయ్య "మీ పిల్ల మంచిగ కతలు చెప్తది డ్రైవర్ సాబ్" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధమని ఒప్పుకొమ్మన్నాను. నువ్వు ఒప్పుకోలేదు. కొట్టాను. అంతటితో ఆగానా? ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ, అందరూ లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకుంటుంటే, నిన్ను లేపి "నేనేం చూడలేదు, అబద్ధం చెప్పిన" అనిపించాను. నువ్వు చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అదే తల్లీ. అదీ నేను చెప్పించిందే.

ఆ తర్వాత నువ్వు నాకు ఏదీ చూపించలేదు. దారిలో ఏం చూశావమ్మా అంటే "ఏం లేదు నాన్నా" అనేదానివి. పిల్లకు బుద్ధి వచ్చిందని సంతోషపడ్డాను, మూర్ఖుణ్ని.

క్రిస్మస్‌లోపు ఆ పిట్టను నా కళ్లతో చూస్తాను. ఫోటో తీసి, అదే చర్చిలో నిలబడి చెబుతాను. అప్పుడే మీ ఇంటి గడప తొక్కుతాను. అంతవరకు నీ ముఖం చూసే ధైర్యం నాకు లేదు.

నిన్ను నమ్మని నాన్న,
ఏసయ్య

———

ఖానాపురం హవేలి
26-11-2007

చూసే కళ్లున్న నా తల్లి జెస్సికమ్మకు,

చూశాను! చూశానమ్మా!

శుక్రవారం పొద్దున, మంచు ఇంకా మడుగు మీద పొగలా ఉంది. ముందు విజిల్ వినబడింది. కాలు కదిలింది గానీ నేను కదలలేదు. తర్వాత డేగలా అరిచింది. కొమ్మల్లో పిట్టలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు పిల్లిలా మ్యావ్‌మంది! ఒక్క గొంతులో ఎన్ని గొంతులు పెట్టాడమ్మా ఆ దేవుడు! అంతలో మడుగు దాటింది. నల్లగా నిగనిగలాడుతూ అది ముందు, దాని వెనక రెండు తుమ్మెదలు. తోకేనని తెలిసి చూసినా తుమ్మెదల్లాగే ఉన్నాయి. తెలియని ఎనిమిదేళ్ల పిల్ల ఇంకేమని చెబుతుంది? పిచ్చివాడిలా ఏడ్చాను. కొమ్మ మీద వాలితే కళ్లు తుడుచుకుని ఒక్క ఫోటో తీశాను.

స్టూడియోలో ప్రింటు వేయించాను. తీరా చూస్తే ఆకులు, ఆకుల కింద రెండు నల్ల చుక్కలు. పిట్ట లేదు! మీ అమ్మ కళ్లజోడు సర్దుకుని "ఈగల్ని తీయనీకె అంత దూరం పోయినవా?" అంది.

అయినా నిన్న సాక్ష్యాల వేళ లేచాను. నిన్ను కొట్టింది, లేపి నిలబెట్టింది, అంతా చెప్పాను. ఫోటో బెంచీ బెంచీకీ తిరిగింది. మీ మేనమామ షాలేమ్‌రాజు ఊరుకుంటాడా? "బావా, పిట్టేది? తుమ్మెదలైతే మంచిగ పడ్డయ్!" అన్నాడు. చర్చంతా నవ్వు. నా చెవులు కాలిపోయాయి. అరవై ఆరేళ్ల వాణ్ని, నాకే ఇట్లా ఉంటే, అక్కడే నిలబడిన ఆ చిన్న ప్రాణానికి ఎట్లా ఉండి ఉంటుంది? అయినా కూర్చోలేదు. "నా బిడ్డ చూసింది. నేనూ చూశాను" అని, ఆ మాట చెప్పాకే కూర్చున్నాను.

ఫోటో ఇందులో పెడుతున్నాను. పిట్ట లేకపోయినా నీ తుమ్మెదలున్నాయి, ఉంచుకో.

ఏసయ్య,
నీలాగే నవ్వులపాలైన మీ నాన్న

———

ఖానాపురం హవేలి
9-12-2007

నా కంటి దీపం జెస్సికమ్మకు,

నీ కవరు అందింది. నా ఫోటోను అంత పెద్దది చేయించి పంపావా! కింద నీ రాత చదివాను: "నాన్నా, ఎడమ పక్క మూడో ఆకు వెనక చూడండి." ల్యాబులో రోజూ మైక్రోస్కోపు కింద కంటికి కనబడని పురుగుల్ని వెతికే దానివి, నీకు దొరక్క ఎవరికి దొరుకుతుంది?

మీ అమ్మ బైబిలు చదివే భూతద్దం పెట్టి చూశాను. ఉంది! ఆకు సందులో ఎర్రటి కన్ను, దాని మీద నల్ల కుచ్చు. నేను దాన్ని చూశానని పొంగిపోయాను గానీ, అప్పటికే అది నన్ను చూస్తూ కూర్చుంది తల్లీ! మీ అమ్మ అయితే ఫోటో లాక్కుని, చెప్పులైనా తొడుక్కోకుండా షాలేమ్‌రాజు ఇంటికి పరుగెత్తింది.

ఉత్తరం చివర నువ్వు రాసిన మాట పదిసార్లు చదివాను. "ఆ రోజు ఆ మలుపులో ఇంకోటి కూడా చూసిన నాన్నా. చెప్తే నమ్ముతారా?"

శనివారం మీ ఇంటికి వస్తున్నాను. అందాకా అదేమిటో నాకు రాయకు, వచ్చి నీ నోటితోనే వింటాను. నమ్ముతారా అని మాత్రం ఇంకెప్పుడూ అడగకు. నమ్మేశాను.

మీ నాన్న,
ఏసయ్య