విత్తనం గింజలు తిన్నాను

రత్నక్కా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు నా క్యాన్సరుకు నాలుగో కీమో.

విత్తనానికి శనక్కాయలు ఒలిచేటప్పుడు, కాయకొకసారి మనసులో ‘ప్రభువా’ అనుకుంటూ మౌనంగా కూర్చునేదానివి. “దేవుణ్ణి ఏమడగతాండావక్కా?” అంటే, “ఏమీ అడగలేదప్పా, ఊరికే ఆయన కాడ కూచోనుండా” అనేదానివి. ఊరికే కూర్చోవడమే ప్రార్థనైతే మన ఎద్దు పెద్ద భక్తుడని ఎగతాళి చేశాను.

ఇప్పుడు ఆ ఎద్దు పక్కన నేనూ చేరాను. ఆసుపత్రిలో మందు ఎక్కుతున్నంతసేపూ జేబులో వేసుకొచ్చిన విత్తనం కాయలు నీలాగే ఒలుస్తాను. భయం పోలేదు గానీ, అది కూడా నా పక్కన కూర్చుని కాయలు ఒలుస్తున్నట్టుంటుంది.

పోయిన కీమో తర్వాత ముద్ద దిగలేదు. బరువు ఇంకా తగ్గితే మందు ఆపాల్సి వస్తుందని డాక్టరు అన్నాడు. ఈరోజు సగం మందు ఎక్కాక నర్సు నన్నే చూస్తూ, “ఏమన్నా, నోరు ఆడతాండాది, జపమా?” అంది. చూసుకుంటే ఒళ్లో తొక్కలే ఉన్నాయి, గింజలు లేవు.

“జపమే పాపా, మధ్యలో ఆకలైనట్టుండాది” అన్నాను.

విత్తనం గింజ నోట్లో వేసుకుంటే చేతిమీద కొట్టేదానివి. ఈసారికి ఊరుకో అక్కా. విత్తడానికి మళ్లీ ఒలుస్తాను. వానకింకా టైముంది.

నీ తమ్ముడు