లాప్‌టాప్ మూయడానికి మీ అనుమతి

ఏవండీ,

టాటీబంధ్ చౌరస్తాలో ట్రాఫిక్ జామ్ అట, హాస్పిటల్‌ డ్యూటీకి ముందే బయల్దేరుతున్నాను. సబ్జీ వేడి చేసుకుని తినండి.

లాప్‌టాప్ లైనక్స్‌లో నేను మార్చింది మళ్లీ మార్చకండి. దాన్ని నిద్రపుచ్చే సస్పెండ్, హైబర్నేట్ వాడుకోడానికి నా అకౌంట్‌కీ, మన అమ్మాయి దివ్య అకౌంట్‌కీ పర్మిషన్ ఇచ్చేశాను. మూత వేసిన ప్రతిసారీ అది మీ పాస్‌వర్డే అడిగేది. డ్యూటీలో మీరు ఫోన్ ఎత్తరు, ఇక్కడ అది నిద్రపోక పెనంలా కాలిపోయేది. ఇల్లు కూడా మీ రైల్వే స్టేషనే అనుకున్నారా, అన్నిటికీ మీ సిగ్నలే కావాలా?

ప్రమీల

పాస్‌వర్డ్ ఎలా తెలిసిందంటారా? మీ అమ్మగారి పేరు కొట్టాను, కాదంది. పెళ్లయిన కొత్తలో మీరు నన్ను పిలిచిన పేరు కొట్టాను, తెరుచుకుంది. రోజూ టైపు చేస్తున్నారు సరే, నోటితో పిలవడానికేం?